కీల్‌కి తుప్పు పట్టకుండా – 3వ పాఠం: గుంటల్లో దాక్కున్న ఉప్పు

పోయిన పాఠంలో పాత పెయింటంతా ఊడగొట్టి, సెయిల్ బోట్ అడుగున ఉండే పోత ఇనుప కీల్‌ని బోసిగా చేసుకున్నాం. ఇక్కడికొచ్చాక ఎవరికైనా చెయ్యి ప్రైమర్ డబ్బా మీదికే పోతుంది. ఆగండి. ఈ పాఠంలో ఆ డబ్బా మూత కూడా తియ్యం, ఎందుకంటే నేను చూసినంతలో కీల్ మీద పెయింటు పొంగేది చాలాసార్లు పెయింటు నాసిరకమై కాదు, దాని కింద ఉప్పు మిగిలిపోయి.

మొదటిసారి నేనూ ఇదే తప్పు చేశాను. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఖరీదైన ఎపాక్సీ పెయింటు ఐదు పూతలు వేశాను. ఏడాది తిరిగి పడవని పైకి లాగితే కీల్ నిండా చింతగింజలంత బొబ్బలు, గోరుతో గిల్లితే లోపల నల్లటి నీళ్లు. చాలా బాధేసింది. ఉప్పు థిన్నర్‌లో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

లోపల జరిగేది ఇదీ. సముద్రపు నీళ్లలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులోని క్లోరైడ్ ఇనుములోని సన్నటి గుంటల్లోకి దూరి ఐరన్ క్లోరైడ్ అవుతుంది, అది తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం ఇంకాస్త ఇనుముని తింటుంది. ఇంత జరిగినా క్లోరైడ్ ఖర్చైపోదు, మళ్లీ కొత్త ఇనుము మీద పడుతుంది. పైగా గాల్లో తేమని లాక్కుంటుంది, అందుకే సాయంత్రం శుభ్రంగా కనిపించిన కీల్ మీద తెల్లారేసరికి గోధుమరంగు చెమట బొట్లు కనిపిస్తాయి. ఎపాక్సీ వేసేశాక కూడా ఇది ఆగదు, పెయింటు పొరలోంచి నీటిని కొద్దికొద్దిగా పీల్చుకుని బొబ్బ కడుతుంది.

ఇనుములోంచి ఉప్పు ఎంత మొండిగా వస్తుందో తెలియాలంటే అమెరికా యుద్ధనౌక మానిటర్‌ని చూడండి. 1862లో మునిగిన ఆ నౌక ఫిరంగుల గోపురాన్ని 2002లో పైకి తీశారు. ఉప్పు లాగడానికి దాన్ని వర్జీనియాలోని మ్యూజియంలో క్షార ద్రావణంలో నానబెట్టి, కరెంటు పంపుతూ, ఏళ్ల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. మన కీల్‌కి అంత అక్కర్లేదు గానీ ఒక్కసారి కడిగి అయిపోయిందనుకోవడం మాత్రం కుదరదు.

ఇక పనిలోకి. ముందు బ్లాస్టింగ్, అంటే గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు రాల్చడం. మామూలు ఇసుకతో చేయించకండి, ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. గార్నెట్ అడగండి, మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో ఎర్రగా మెరిసే ఖనిజమే అది. గార్నెట్‌తో కొట్టించినా మాస్కు తియ్యకూడదు. బ్లాస్టింగ్ కుదరకపోతే గ్రైండర్‌తో చెయ్యొచ్చు, కాకపోతే గుంటల అడుగుదాకా అది పోదు, కాబట్టి కడగడం ఇంకా ఎక్కువ సార్లు పడుతుంది. ఎక్కడైనా పెన్సిల్ ములుకులా మెత్తగా, నల్లగా గీరుకొస్తే అక్కడ ఇనుము పోయి గ్రాఫైట్ ఒక్కటే మిగిలిందని అర్థం, గట్టి లోహం తగిలేదాకా చెక్కెయ్యండి.

తర్వాత ప్రెజర్ వాషర్‌తో మంచినీళ్లు కొట్టి కడగండి. మంచినీళ్లు అని ఊరికే అనలేదు, సముద్రం ఒడ్డు ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగానే ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు తీసి ఉప్పు రాసినట్టే. కడిగాక రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే చూస్తే ఒళ్లంతా పల్చగా, సమంగా పట్టిన తుప్పు గురించి టెన్షన్ వద్దు, తడి ఇనుముకి అది మామూలే. నల్లగా, తడిగా, చుక్కలు చుక్కలుగా కనిపించిన చోట్లే మన శత్రువు ఉన్నాడు. వాటి చుట్టూ చాక్‌పీస్‌తో గీసి, అక్కడ మళ్లీ బ్లాస్టింగ్, మళ్లీ కడగడం. నా కీల్‌కి మూడు రౌండ్లు పట్టింది.

అయిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ కోసం వాడే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపించేది) చాలు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చిన్న కప్పులో తీసుకుని రీడింగ్ రాసుకోండి. గ్లవ్స్ వేసుకుని (చేతి చెమటలోనూ ఉప్పుంటుంది) దూదిని అందులో ముంచి, గుంట మీద పది నిమిషాలు అదిమిపట్టి, మళ్లీ అదే కప్పులోకి పిండి రీడింగ్ చూడండి. ఇంకో కప్పుతో శుభ్రమైన గాజు పలక మీదా ఇలాగే చెయ్యండి. గుంట మీద పెరిగిన రీడింగుకీ, గాజు మీద పెరిగినదానికీ తేడా బాగా ఉంటే ఇంకో రౌండు తప్పదు. ఒక్కచోట చూసి వదలొద్దు, కీల్ పడవకి అతుక్కునే గీత దగ్గరా, అడుగు అంచునా తప్పకుండా చూడాలి, ఉప్పు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

వచ్చే పాఠంలో చివరి బ్లాస్టింగ్, అదే రోజు మొదటి కోటు ప్రైమర్. దానికి ఇనుము ఉష్ణోగ్రత, గాల్లో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి, కాబట్టి ఈలోగా గాల్లో తేమ కొలిచే మీటరు ఒకటి కొని, పొద్దునా మధ్యాహ్నం మీ పడవ దగ్గర రీడింగులు రాసి ఉంచండి.