కారులో ఏసీ నీళ్లు కాళ్ల దగ్గర చేరుతుంటే

కొత్త స్పోర్ట్స్ కారు, కొని మూడు నెలలు కాలేదు, ఏసీ వేసిన ప్రతిసారీ ఎడమ సీటు ముందు మ్యాట్ కింద కార్పెట్ తడిసిపోతోందనుకోండి. చాలాసార్లు ఇది పెద్ద రిపేరు కాదు, ఏసీ నీళ్లు బయటికి పోయే సన్న రబ్బరు పైపులో మట్టో, ఆకు ముక్కో అడ్డుపడి ఉంటుంది.

ముందు ఉక్కపోతగా ఉన్న రోజు ఏసీ ఫుల్లుగా పెట్టి 15-20 నిమిషాలు ఆరుబయట కారు ఆన్‌లో ఉంచి కింద చూడండి. నేల మీద చుక్కలు పడకపోతే పైపు మూసుకుపోయినట్టే. ఇంజిన్ ఆపి, చల్లారాక, గడ్డి కోసే మెషిన్‌లో వాడే 2 మిల్లీమీటర్ల నైలాన్ తీగను ఆ పైపులోకి కింది నుంచి 10 సెంటీమీటర్ల దాకా మెల్లగా తిప్పుతూ పంపండి. ముఖం పక్కకి పెట్టుకోండి, నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి. ఇనుప తీగ మాత్రం వద్దు, లోపల గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్‌కి చిల్లు పడితే ఖర్చు చాలా ఎక్కువ. ఈ కార్లు బాగా కిందికి ఉంటాయి కాబట్టి ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి, ర్యాంప్ ఉన్న చోటే చేయించండి. తర్వాత కార్పెట్ ఎత్తి, కింది స్పాంజి పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ పెట్టాలి, లేకపోతే ముక్కిపోయిన వాసన పోదు.

ఆ తడి జిగురుగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఈ పద్ధతి పనిచేయదు. ఫోటోలు తీసి వారంటీలోనే చూపించండి.