పాత అంబాసిడర్‌లో మారు ఇంజిన్ బిగించడం

1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోలు ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌ను పూర్వరూపానికి తేవాలనుకునేవారు మారు ఇంజిన్‌గా కూడా అదే రకాన్ని వెతకడం మంచిది. తరువాతి కాలపు 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ బలమైనదే అయినా, దానితోపాటు గేర్‌బాక్స్, ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగులు కూడా మార్చవలసి వస్తుంది. అప్పటికి బండి పాతదనం సగం పోయినట్టే. ఇంజిన్ కొనేటప్పుడు బిల్లు తప్పక తీసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పును రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి, కొత్త నంబరును ఆర్సీలో నమోదు చేయించుకోవాలి గనుక, పని మొదలుపెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో విచారించుకోవాలి.

బానెట్, రేడియేటర్ విప్పి, చైన్ బ్లాకుతో (బరువులెత్తే గొలుసు కప్పీతో) పాత ఇంజిన్ పైకి తీసేముందు గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టాలి. ఖాళీ అయిన ఇంజిన్ గదిని కడిగి రంగు వేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

అసలు శ్రద్ధ చూపవలసింది క్లచ్ దగ్గర. క్రాంక్‌షాఫ్ట్ వెనుక చివర గేర్‌బాక్స్ షాఫ్ట్ మొన కూర్చునే చిన్న కంచు బుష్ ఉంటుంది. ఇది అరిగిందేమో చూసి, కొత్తది వేసేటట్లయితే ముందురోజే ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి. క్లచ్ ప్లేటును కంటి అంచనాతో బిగించకుండా, పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ఒకటి సంపాదించి, దాన్ని ప్లేటులోంచి బుష్‌లోకి దూర్చి, అది బిగువు లేకుండా వచ్చిపోతున్నంత వరకు సరిచేసిన తరువాతే, క్లచ్ ప్లేటును నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

ఇంజిన్ దించి వెనక్కి జరుపుతున్నప్పుడు దాని బరువు ఒక్క క్షణమైనా గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేలాడకూడదు. వేలాడితే క్లచ్ ప్లేటు వంగిపోతుంది. రెండింటి మధ్య అర అంగుళం సందు మిగిలి ఇక కదలకపోతే చాలామంది బోల్టులు వేసి లాగేస్తారు. దయచేసి అలా చేయవద్దు. బండిని గేరులో ఉంచి, ముందున్న క్రాంక్ పుల్లీ నట్టును స్పానర్‌తో కాస్త అటూ ఇటూ తిప్పితే, షాఫ్ట్ పళ్లు ప్లేటు గాళ్లలో కలిసి, ఇంజిన్ తనంతట తానే మెత్తగా వెనక్కి జారుతుంది.

హోసులు, వైర్లు కలిపేటప్పుడు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని మరవకండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక, పట్టీ లేకపోతే స్టార్టర్ లాగే కరెంటంతా ఇంజిన్‌ను బాడీతో కలిపే సన్నని లోహపు చోక్ కేబుల్ గుండా పోతుంది. ఒక షెడ్డులో ఇలాగే చోక్ కేబుల్ ఎర్రగా కాలి పొగలు రావడం నేను దగ్గరగా చూశాను.

స్టార్ట్ చేయడానికి ముందు 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, ప్లగ్గులన్నీ విప్పి, ఆయిల్ ప్రెషర్ కనిపించేవరకు స్టార్టర్‌తో తిప్పాలి. అప్పుడే ప్లగ్గులు బిగించి, సిలిండర్లు మండే 1-3-4-2 వరుసలో ప్లగ్గు వైర్లు కలపాలి. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కొత్తదైతే, అంటుకోగానే ఐడిల్‌లో వదలక, సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. ఆ సమయమంతా ఒకరు ఆయిల్ ప్రెషర్, వేడి గమనిస్తుండాలి, మరొకరు కింద లీకులు చూడాలి. మొదటి 800 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆయిల్ మార్చి, వాల్వ్ గ్యాపులు, మౌంటింగ్ బోల్టులు మళ్లీ సరిచూసుకోవాలి.