బంగారు ఎలక్ట్రోడ్‌పై థయోల్ పొర వేసే ముందు జాగ్రత్తలు

థయోల్ అంటే బంగారానికి అతుక్కునే గంధకం ఉన్న సేంద్రియ పదార్థం. ఈ పొర మందం ఒకటి రెండు నానోమీటర్లే. వేలిముద్ర జిడ్డు చాలు, పొర సరిగ్గా కూర్చోదు.

• బంగారంపై జిడ్డును తినేసి శుభ్రం చేసే పిరానా ద్రావణం అంటే భయం ఉండాల్సిందే. 3 వంతుల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి 1 వంతు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి, తిరగేసి కాదు. పోస్తుండగానే బీకరు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర), ముఖానికి షీల్డ్, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. అసిటోన్, ఇథనాల్ బాటిళ్లను ముందే అక్కడి నుంచి తీసేయండి, కలిస్తే పేలొచ్చు. మిగిలినదాన్ని సీసాలో పోసి మూత బిగించవద్దు, గంటల తరబడి వాయువు వస్తూనే ఉంటుంది.

• ప్లాస్టిక్ తొడుగున్న డిస్క్ ఎలక్ట్రోడ్‌కు పిరానా వద్దు. 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో వరుసగా పాలిష్ చేసి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వోల్టేజీని పైకీ కిందికీ తిప్పండి. శుభ్రమైన బంగారంపై నీటి చుక్క పలచగా పరుచుకుంటుంది. డోడెకేన్ థయోల్ పట్టాక అదే చుక్క తామరాకు మీద నీళ్లలా ముద్దకడుతుంది.

• శుభ్రం చేసిన వెంటనే ముంచండి. ఇథనాల్‌లో కలిపిన 1 మిల్లీమోలార్ థయోల్ ద్రావణం అప్పటికప్పుడు చేసినదే కావాలి. రాత్రంతా కదపవద్దు.

• వంటగ్యాస్‌కు వాసన కోసం కలిపేదీ థయోల్ జాతి పదార్థమే. థయోల్ బాటిల్‌ను హుడ్ బయట తెరిస్తే పక్క గదులవాళ్లు గ్యాస్ లీకని టెన్షన్ పడతారు. వాడిన పిపెట్ టిప్పులను పలుచని బ్లీచ్‌లో వేయండి. ఆ బ్లీచ్‌లో ఆమ్లం మాత్రం పడకూడదు, క్లోరిన్ వస్తుంది.