అబ్బాయిని క్యాథలిక్ బాయ్స్ ప్రెప్ స్కూల్లో వేయాలనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో పిల్లాడు ఏడో క్లాసుకి వచ్చాడంటే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న పడుతుంది: పబ్లిక్ స్కూల్లోనే ఉంచాలా, ఆ క్యాథలిక్ బాయ్స్ స్కూల్లో వేయాలా? శాన్ హోసేలో అయితే బెలర్మిన్, డాలస్‌లో జెసూట్, ఇర్వింగ్‌లో సిస్టర్షన్, న్యూజెర్సీలో ఎడిసన్ పక్కనే మెటచన్‌లో ఉన్న సెయింట్ జోసెఫ్. ఊరిని బట్టి పేరు మారుతుంది, అడిగేది అదే. చాలామంది పేరులో ఉన్న 'కాలేజ్ ప్రిపరేటరీ' చూసి, కిందటేడు ఎవరికి ఏ యూనివర్సిటీ వచ్చిందో ఆ లిస్టు చూసి ఫారం నింపేస్తారు. లిస్టు చూడొద్దనను, డబ్బు కట్టేది మీరు. కానీ ఆ లిస్టుతో పని పడేది నాలుగో ఏట, అంటే పన్నెండో క్లాసులో. అప్పటిదాకా రోజూ పొద్దున టై కట్టుకుని, అమ్మాయిలు లేని క్లాసులో కూర్చుని, థియాలజీ (మత పాఠం) హోంవర్క్ చేసి, ఆటల ప్రాక్టీస్ అయ్యాక చీకటి పడ్డాక ఇంటికొచ్చేది వాడు. అది వాడికి సరిపడుతుందో లేదో చూడాలి.

అన్నిటికంటే ముందు మతం సంగతి ఇంట్లో తేల్చుకోండి, అప్లికేషన్ పంపాక కాదు. అమెరికా క్యాథలిక్ స్కూళ్లలో సుమారు ఐదో వంతు పిల్లలు క్యాథలిక్‌లు కారు, కాబట్టి మీరేమీ వింత కాదు. న్యూయార్క్‌లోని రీజిస్ లాంటివి మినహాయింపు. 1914లో పెట్టిన, జెసూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘానికి చెందిన ఆ స్కూల్లో ట్యూషన్ ఫీజే లేదు, కానీ బాప్తిస్మం తీసుకున్న క్యాథలిక్ అబ్బాయిలకే సీటు. మిగతా చాలా స్కూళ్లలో ఎవరైనా చేరొచ్చు. చేరాక మాత్రం థియాలజీ క్లాసు సాధారణంగా నాలుగేళ్లూ ఉంటుంది, మార్కులుంటాయి, జీపీఏలో కలుస్తుంది. బైబిల్, సాక్రమెంట్లు (బాప్తిస్మం లాంటి చర్చి సంస్కారాలు), నీతిశాస్త్రం, చాలా చోట్ల పై క్లాసుల్లో ప్రపంచ మతాలు కూడా చెప్తారు. మతం మారమని ఒత్తిడి చేస్తారేమోనని భయపడేవాళ్లు అదే మాట స్కూలు చూపించే రోజున, అంటే ఓపెన్ హౌస్‌లో నేరుగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లకి రోజూ వచ్చే ప్రశ్నే అది.

స్కూలంతా కలిసి చర్చి ప్రార్థనకి, అంటే మాస్‌కి వెళ్లే రోజులుంటాయి, మీవాడూ వెళ్లాలి. అక్కడ కమ్యూనియన్ దగ్గర, అంటే ఫాదర్ పవిత్రమైన రొట్టె పంచే చోట, కొత్త పిల్లలకి కంగారు. వరస వరసే లేచి ముందుకి నడుస్తుంది, కూర్చోవాలా లేవాలా తెలీదు. రెండూ చేయొచ్చు. పక్కవాళ్లకి దారిచ్చి తన చోట కూర్చోవచ్చు, లేదా లైన్లో వెళ్లి రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ ఆశీర్వదించి పంపేస్తారు. చేయి చాపి ఆ రొట్టె తీసుకోవడం మాత్రం క్యాథలిక్‌లకే. ఇది మొదటి మాస్ ముందు రోజు రాత్రి ఒక్క నిమిషం చెప్పి పంపితే చాలు. అన్నట్టు ఇంట్లో శాకాహారులైతే లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాస కాలం) రోజుల్లో శుక్రవారం పండగే, ఆ రోజు క్యాంటీన్‌లో మాంసం ఉండదు.

తర్వాత, స్కూల్ ఎవరు నడుపుతున్నారో చూడండి. జెసూట్లా, డాన్ బాస్కో సలీషియన్లా, బెనెడిక్టైన్ సన్యాసులా, క్రిస్టియన్ బ్రదర్సా, లేక డయోసిసా (ఆ ప్రాంతపు బిషప్ పాలనా) అన్నదాన్ని బట్టి వాతావరణం మారుతుంది. జెసూట్లు ఈ పనిలో పాతకాపులు: జార్జ్‌టౌన్ ప్రెప్ 1789 నాటిది, బెలర్మిన్ 1851 నాటిది. 1973లో వాళ్ల పెద్ద పేద్రో అరూపే స్పెయిన్‌లోని వాలెన్సియాలో పూర్వ విద్యార్థుల ముందు మాట్లాడుతూ, ఇతరుల కోసం బతికే మనుషుల్ని తయారు చేయడమే మా చదువు పని అన్నాడు. అప్పటినుంచి జెసూట్ స్కూళ్లలో ఎక్కడ చూసినా ఆ మాటే. గోడ మీద మాటే అనుకోకండి, దానికి గంటల లెక్క ఉంది, కింద చెప్తాను. సిస్టర్షన్ లాంటిది ఇంకో రకం: 1962లో హంగరీ నుంచి వచ్చిన సన్యాసులు పెట్టారు, చిన్న స్కూలు, ఐదో క్లాసు నుంచే తీసుకుంటారు. కాబట్టి తొమ్మిదిలో చూద్దాంలే అని కూర్చుంటే అక్కడ ఆలస్యం అయిపోతుంది.

ఇక క్యాలెండర్. ఎనిమిదో క్లాసు అక్టోబర్, నవంబర్‌లలో ఓపెన్ హౌస్‌లు, డిసెంబర్, జనవరి ప్రాంతంలో అప్లికేషన్ గడువు, ప్రవేశ పరీక్ష, మార్చి ప్రాంతంలో ఫలితం. తేదీలు స్కూల్ స్కూల్‌కీ మారతాయి. ఏడో క్లాసు మార్కులు కూడా చూస్తారు, టీచర్ల సిఫారసులు అడుగుతారు, అందుకే ఏడులో ఆడుకున్నా పర్లేదనే లెక్క ఇక్కడ పనికిరాదు.

పరీక్ష చాలా చోట్ల హెచ్‌ఎస్‌పీటీ (హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్). న్యూయార్క్‌లో టాక్స్ (TACHS) అని వేరేది, కొన్ని స్కూళ్లు వేరే పరీక్షలు పెడతాయి. హెచ్‌ఎస్‌పీటీలో ఐదు భాగాలు, 298 ప్రశ్నలు, సుమారు రెండున్నర గంటలు, క్యాలిక్యులేటర్ లేదు, తప్పుకి మార్కులు కోయరు. మనవాళ్ల పిల్లలు లెక్కల్లో నెగ్గుకొస్తారు, దెబ్బ తగిలేది ఇంగ్లిష్ పదాల భాగం వెర్బల్‌లో: 60 ప్రశ్నలకి 16 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 16 సెకన్లు. ఆలోచించే టైం లేదు, చూడగానే గీసేయాలి, తెలీకపోతే ఏదో ఒకటి గీసి ముందుకెళ్లాలి. ఇంట్లో ప్రాక్టీస్ చేయించేటప్పుడు మిగతావి ఎలా ఉన్నా వెర్బల్‌కి మాత్రం టైమర్ పెట్టండి. ఇంకో మెలిక: పక్క పక్క స్కూళ్లలో రెండుసార్లు రాయించి ఎక్కువ వచ్చింది పంపుదామనుకునే తెలివి కొన్ని చోట్ల ఎదురు తిరుగుతుంది, రెండు స్కోర్లుంటే తక్కువదే లెక్కేస్తాయి. ఎక్కడ ఒక్కసారి రాయాలో ముందే కనుక్కోండి.

షాడో డే అని ఒకటుంటుంది, దాన్ని వదలొద్దు. మీవాడు ఒక రోజంతా అక్కడ చదివే కుర్రాడి వెంట తిరుగుతాడు, క్లాసులు, లంచ్, అన్నీ. సాయంత్రం కారెక్కగానే "ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అంటాడు, అంతకుమించి రాదు. వేరేగా అడగండి: లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావు, క్లాసులో ఎవరైనా తప్పు జవాబు చెప్తే మిగతావాళ్లు ఏం చేశారు, నీ హోస్ట్ ఫోన్ ఎన్నిసార్లు తీశాడు. అమ్మాయిలు లేకపోతే కొంతమంది కుర్రాళ్లు చెయ్యెత్తడానికి, నాటకంలో వేషం వేయడానికి సిగ్గుపడరు. కొన్ని బ్యాచుల్లో వెక్కిరింపులు ముదురుతాయి. ఏ స్కూల్లో ఏది నడుస్తోందో బ్రోచర్‌లో ఉండదు, ఆ లంచ్ టేబుల్ దగ్గర తెలుస్తుంది.

డబ్బు గురించి పొట్టిగా. పెద్ద నగరాల్లో ఏడాదికి 20,000 డాలర్లు దాటేవి చాలానే ఉన్నాయి, పైన పుస్తకాలు, ల్యాప్‌టాప్, బ్లేజర్, క్రీడల ఫీజు, విరాళాల వేలంపాటలు. మాకు ఎయిడ్ (ఫీజు సాయం) రాదులే అని మనవాళ్లు అప్లై చేయడమే మానేస్తారు, అది పొరపాటు. టాక్స్ రిటర్న్స్ పెట్టి అడిగితే చాలా స్కూళ్లు మతంతో పని లేకుండా ఇస్తాయి, కాకపోతే ఆ గడువు అడ్మిషన్ ఫలితం కంటే ముందే అయిపోతుంది.

సీటొచ్చింది, చేరాడు. మొదటి ఏడు డ్రెస్ కోడ్‌తో గొడవ ఖాయం: కాలర్ చొక్కా, కొన్ని చోట్ల టై, బ్లేజర్, గడ్డం ఉండకూడదు, జుట్టు కాలర్ తాకకూడదు. తప్పితే జెసూట్ స్కూళ్లలో 'జగ్' అంటారు, స్కూల్ అయ్యాక ఆపి కూర్చోబెట్టడమో పని చేయించడమో. ఒకసారి జగ్ పడిందని ప్రిన్సిపల్‌కి ఈమెయిల్ రాయకండి, దాదాపు అందరికీ పడుతుంది. మధ్యలో జారిపోకుండా ఉండాలంటే ఆగస్టులోనే ఏదో ఒక టీమ్‌లో పడేయండి. క్రాస్ కంట్రీ లాంటి వాటిలో సాధారణంగా ఎవరినీ తీసేయరు, పరిగెత్తగలిగితే చాలు, క్లాసులు మొదలయ్యే రోజుకి ముప్ఫై మంది పేర్లు తెలిసి ఉంటాయి. మనవాళ్లకి రోబోటిక్స్, డిబేట్ మీద మోజు ఎక్కువ, మంచివే, కానీ చెమటలో కుదిరే స్నేహం వేరు. అమ్మాయిలు బొత్తిగా ఉండరనుకోకండి: చాలా చోట్ల దగ్గర్లో అమ్మాయిల సిస్టర్ స్కూలుంటుంది, డాన్సులు, నాటకాలు కలిసే చేస్తారు.

ఇక పైన చెప్పిన గంటల లెక్క: సర్వీస్ అవర్స్, అంటే సమాజసేవ చేయాల్సిన గంటలు. గంటలు పూర్తి కాకపోతే కొన్ని చోట్ల గ్రాడ్యుయేషనే ఆగుతుంది. మే నెల దాకా లాగి, తెలిసినవాళ్ల చేత సంతకం పెట్టించే ప్రయత్నం చేయకండి. ఫుడ్ బ్యాంకో, వృద్ధాశ్రమమో ఒకటే పట్టుకుని వెళ్తుంటే కాలేజీ వ్యాసానికి సరుకు కూడా దానంతటదే వస్తుంది.

చివరి రెండేళ్లలో చాలా స్కూళ్లలో కైరోస్ అనే రిట్రీట్ (ప్రార్థన, మనసు విప్పి మాట్లాడుకోవడం కోసం పెట్టే శిబిరం) ఉంటుంది, మూడు నాలుగు రోజులు, ఫోన్లు తీసేసుకుంటారు. దానికి ముందు చాలా చోట్ల తల్లిదండ్రులని గుట్టుగా ఉత్తరం రాసివ్వమంటారు. ఇక్కడ నాన్నలు ఇరుక్కుంటారు, కొడుక్కి మార్కుల గురించి తప్ప ఇంకేమీ రాసిన అలవాటు ఉండదు కదా. అమ్మ రాసిందాని కింద సంతకం పెట్టి పంపేయకండి, విడిగా రాయండి. చేత్తో రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే తెలుగులోనే రాయండి, వాడికి లిపి రాకపోతే అదే తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. వాడు చేసిన ఒక్క పని, మీరు చూసి పైకి అనకుండా ఊరుకున్నది ఏదైనా ఉంటే అది రాయండి. సలహాలు, జీపీఏ, యూనివర్సిటీ పేర్లు వద్దు. కవరు గడువు తేదీ కంటే ముందే ఆఫీసులో ఇచ్చేయండి, వాడి బ్యాగ్‌లో పెట్టి పంపారంటే గుట్టు అక్కడికక్కడే రట్టవుతుంది.