టెక్సాస్‌లో మ్యారేజ్ లైసెన్స్: తీసుకోవడం తేలికే, తిరిగి చేర్చడమే మర్చిపోతున్నారు

డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల పెళ్లి చేసుకునే మనవాళ్లు హాలు, క్యాటరింగ్, ఫొటోగ్రాఫర్ లాంటివన్నీ నెలల ముందే బుక్ చేసుకుంటారు. కౌంటీ క్లర్క్ (మన జిల్లా లాంటి కౌంటీలో రికార్డులు చూసే అధికారి) దగ్గర తీసుకోవాల్సిన మ్యారేజ్ లైసెన్స్ మాత్రం ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి బంధువులు ఇంట్లో దిగి ఉంటారు, సెలవు దొరకదు, ఒకటే టెన్షన్. "డాక్యుమెంట్లు పంపండి, మేం చూసుకుంటాం" అనేవాళ్ల మాట సరిగ్గా అప్పుడే తీయగా వినిపిస్తుంది. వాళ్లు చూసుకోగలిగేది ఇందులో దాదాపు ఏమీ లేదు. కౌంటర్ దగ్గర ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సింది మీరిద్దరే. ఆన్‌లైన్ ఫారం నింపిపెట్టినందుకు ఎవరైనా డబ్బులడిగితే, చాలా కౌంటీల సొంత వెబ్‌సైట్లలో ఆ ఫారం ఉచితంగానే ఉంటుందని గుర్తుంచుకోండి. కౌంటీ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు కూడా ఉన్నాయి. కార్డు నంబరు ఇచ్చే ముందు అడ్రస్ ఒకసారి సరిచూసుకోండి.

రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఇక్కడ రాస్తున్నది టెక్సాస్ సంగతి మాత్రమే.

లైసెన్స్ ఏ కౌంటీలోనైనా తీసుకోవచ్చు. కొలిన్ కౌంటీలో తీసుకుని డాలస్ కౌంటీలో పెళ్లి చేసుకున్నా చెల్లుతుంది. ఇద్దరికీ 18 ఏళ్లు నిండి ఉండాలి, ఇద్దరూ ఆఫీసుకు వెళ్లాలి. రాలేనివారి కోసం అఫిడవిట్ దారి ఒకటి ఉంది గానీ, దానికి షరతులున్నాయి. అది మీకు వర్తిస్తుందో లేదో ఆఫీసుకే ఫోన్ చేసి తెలుసుకోండి. గుర్తింపుకు గడువు తీరని ఇండియన్ పాస్‌పోర్ట్ సరిపోతుంది, డ్రైవింగ్ లైసెన్స్ అయినా పర్వాలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) ఉంటే రాస్తారు, లేకపోతే లేదని చెప్పాలి. ఆ నంబరు లేదని లైసెన్స్ ఆపరు. "ఎస్‌ఎస్‌ఎన్ లేనివాళ్లకు మా ద్వారానే అవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకూ, హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకూ తేడా ఏమీ లేదు. రక్తపరీక్ష లేదు, సాక్షులు అక్కర్లేదు. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అలవాటుతో శుభలేఖలు, ఫొటోలు, ముగ్గురు సాక్షుల ఆధార్ కాపీలు ఫైలు కట్టి తీసుకెళ్లేవాళ్లున్నారు. అవేవీ తెరిచి కూడా చూడరు.

ఫీజు కౌంటీని బట్టి 80 డాలర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. రాష్ట్రం గుర్తించిన ఎనిమిది గంటల ప్రీ-మ్యారిటల్ (పెళ్లికి ముందు చేసే) కోర్సు, ట్వొగెదర్ ఇన్ టెక్సాస్, చేసి సర్టిఫికెట్ చూపిస్తే అందులో 60 డాలర్లు తగ్గుతాయి. దానితో ఇంకో లాభం కూడా ఉంది, అది కింద చెబుతాను.

ప్రింట్ తీసే ముందు క్లర్క్ పేర్లు చూసుకోమంటారు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే డ్రైవింగ్ లైసెన్స్‌లో పొడి అక్షరం ఉంటుంది. ఒకచోట "వెంకట సాయి" రెండు ముక్కలు, ఇంకోచోట ఒకటే ముక్క. కొందరికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. రేపు వీసా ఫారాల్లో పాస్‌పోర్ట్ పేరే అడుగుతారు కాబట్టి పాస్‌పోర్ట్ ప్రకారమే రాయించుకోండి. రికార్డయ్యాక తప్పు బయటపడితే సరిదిద్దించుకోవచ్చు, భయపడాల్సిందేం లేదు. కాకపోతే ఇద్దరూ కలిసి నోటరీ చేసిన అఫిడవిట్ ఇవ్వాలి. అది వేరే తిరుగుడు.

తర్వాత ప్రమాణం. క్లర్క్ చదివించే వాక్యాలను చాలామంది వినకుండానే తలూపుతారు. వాటిలో రెండు మనవాళ్లకు నేరుగా తగిలేవి ఉన్నాయి.

ఒకటి, బంధుత్వం. మేనమామ కొడుకు, మేనత్త కూతురు మనకు వరసైనవాళ్లు. హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట అలాంటి పెళ్లిని ఒప్పుకుంటుంది. టెక్సాస్ ఒప్పుకోదు. తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లలు కామని ప్రమాణం చేయాలి. మేనమామ, మేనకోడలు వరస కూడా కుదరదు. ఆచారమని చెప్పినా మినహాయింపు లేదు, అబద్ధపు ప్రమాణం నేరం. "అడిగితే చుట్టాలు కామని చెప్పేయండి, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లు రేపు మీ గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూకు రారు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లికి అడ్డు లేదు. ఇలాంటి సంబంధమైతే ముహూర్తం పెట్టుకునే ముందే లాయర్‌ను అడగడం మేలు.

రెండోది, ప్రస్తుతం పెళ్లై లేమని చెప్పడం. ఇండియాలో గుడిలోనో మండపంలోనో పెళ్లై, రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా వచ్చేసి, ఇప్పుడు సర్టిఫికెట్ కోసం ఇక్కడ లైసెన్స్ తీసుకుందామనుకునే జంటలున్నాయి. సప్తపదితో జరిగిన పెళ్లి రిజిస్టర్ కాకపోయినా పెళ్లే. 1955 హిందూ వివాహ చట్టం ఎనిమిదో సెక్షన్ ఆ మాట స్పష్టంగానే చెబుతుంది. కాబట్టి ఇక్కడ "పెళ్లి కాలేదు" అనడం నిజం కాదు. మీకు కావాల్సిన కాగితం పెళ్లి జరిగిన ఊరి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. ఇక్కడ కొత్తగా ఇంకో పెళ్లి తేదీ పుట్టించుకుంటే, ముందు ఇచ్చిన ఫారాల్లోని తేదీతో అది గొడవపడుతుంది.

విడాకులైనవాళ్లకు ఒక మాట. విడాకులు మంజూరై 30 రోజులు కాకముందు వేరొకరిని పెళ్లాడాలంటే కోర్టు మినహాయింపు కావాలి.

ఇక గడువులు. లైసెన్స్ చేతికొచ్చాక 72 గంటలు ఆగాలి. శనివారం పొద్దున పదింటికి పెళ్లైతే బుధవారం పదిలోపు లైసెన్స్ ఇచ్చి ఉండాలి. మంగళవారమే వెళ్లడం నయం. శుక్రవారం మధ్యాహ్నం పరుగెత్తినవాళ్లకు లైసెన్స్ ఇస్తారు, కానీ దానితో శనివారం పెళ్లి జరగదు. పైన చెప్పిన కోర్సు చేసినవాళ్లకు ఈ ఆగడం ఉండదు. సైన్యంలో పనిచేస్తున్నవారికీ, జడ్జి అనుమతి తెచ్చుకున్నవారికీ కూడా అంతే. లైసెన్స్ ఇచ్చిన రోజు నుంచి తొంభయ్యో రోజు వచ్చేలోపు పెళ్లి జరగాలి, లేదంటే మళ్లీ ఫీజు కట్టి కొత్తది తీసుకోవాలి. కె-1 వీసా (పెళ్లి చేసుకోవడానికి వచ్చే ఫియాన్సే వీసా) మీద వచ్చినవాళ్లకు దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి లెక్కించే ఇంకో 90 రోజుల గడువుంది. రెండూ వేర్వేరు, రెండూ చూసుకోవాలి.

ఇంతవరకూ ఎలాగోలా గట్టెక్కుతారు. అసలు తడబాటు తాళి కట్టాక మొదలవుతుంది.

కౌంటర్‌లో ఇచ్చే కాగితం మీద సీలుంటుంది, పేర్లుంటాయి, చూడ్డానికి సర్టిఫికెట్‌లాగే ఉంటుంది. దాన్ని చూసి "రిజిస్టర్ మ్యారేజ్ అయిపోయింది" అనుకుంటారు. అవలేదు. అది పెళ్లి చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, అదీ టెక్సాస్‌లో జరిగే పెళ్లికే. దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని విజయవాడ వెళ్లి అక్కడ పెళ్లి చేసుకుంటే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. టెక్సాస్ గడ్డ మీద, అధికారం ఉన్నవాళ్లు పెళ్లి జరిపించి, తేదీ, కౌంటీ, తమ పేరు రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత 30 రోజుల్లోపు దాన్ని ఇచ్చిన కౌంటీ క్లర్క్‌కే తిరిగి చేర్చాలి. వాళ్లు రికార్డు చేసి, దరఖాస్తులో రాసిన అడ్రసుకు పోస్టులో పంపుతారు. అప్పుడే అది మీకు రుజువుగా పనికొస్తుంది.

ఎవరికి అధికారం? జడ్జీలకుంది, జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక చిన్న కోర్టు జడ్జితో సహా. మతసంస్థ తరఫున పెళ్లి చేయడానికి ఆ సంస్థ అధికారమిచ్చిన వ్యక్తికీ ఉంది. గుడి పురోహితులు ఈ లెక్కలోకి వస్తారు. అందుకని పంతులుగారిని మాట్లాడుకునేటప్పుడే అడగాలి: "పంతులుగారూ, లైసెన్స్ మీద సంతకం మీరే పెడతారు కదండీ? ఏ సంస్థ తరఫున పెడతారు?" ఇది మర్యాద తక్కువ ప్రశ్న కాదు. ఇక్కడ అలవాటున్నవాళ్లు వెంటనే జవాబు చెబుతారు. పెళ్లి చూడ్డానికి వచ్చిన బంధువైన పురోహితుడితో మంత్రాలు చదివించాలనుకుంటే చదివించండి. సంతకం మాత్రం స్థానిక గుడి నుంచి ఎవరు పెడతారో ముందే తేల్చుకోండి.

తేదీ దగ్గర ఒక చిక్కుంది. శుభలేఖలో "శనివారం రాత్రి 2:14 (తెల్లవారితే ఆదివారం)" అని వేస్తాం. మన పంచాంగం ప్రకారం అది ఇంకా శనివారమే. లైసెన్స్ మీద రాయాల్సింది మాత్రం ఆదివారం తేదీ. నిద్రకళ్లతో సంతకం పెట్టే పంతులుగారికి పక్కన ఒకరు గుర్తుచేయాలి.

చట్ట ప్రకారం కాగితాన్ని తిరిగి పంపాల్సిన బాధ్యత పెళ్లి చేయించినవాళ్లదే. పంపకపోతే వాళ్లకు జరిమానా కూడా ఉంది. కానీ వాళ్లకు పడే జరిమానాతో మీకు హెచ్‌-4 (హెచ్‌-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) రాదు. మండపంలో జరిగేది ఏమిటంటే, పంతులుగారు సంతకం పెట్టి కవరు పెళ్లికొడుకు బావమరిదికి ఇస్తారు, అతను అక్షింతల పళ్లెం పక్కన పెడతాడు, అది కట్నకానుకల సంచిలోకి చేరుతుంది. కొన్ని నెలలకు ఇన్సూరెన్స్‌లో భార్య పేరు చేర్చాలనో, వీసా స్టేటస్ మార్చాలనో సర్టిఫైడ్ కాపీ అడిగితే, అలాంటి పెళ్లి రికార్డులో లేదంటారు. కాబట్టి ఆ పని కోసం మెలకువగా ఉండే ఒక మనిషిని పెట్టుకోండి. పెళ్లికూతురి అన్నయ్యో, స్నేహితురాలో. సంతకం అవగానే ఫొటో తీసుకుని, సోమవారం ఆఫీసుకు వెళ్లి ఇచ్చిరావాలి, లేదా ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపాలి.

ఇప్పటికే ఆలస్యమైతే కంగారు పడకండి. కాగితం ఆలస్యంగా చేరినంత మాత్రాన జరిగిన పెళ్లి జరగనట్టు కాదు. సంతకం చేసిన లైసెన్స్ మీ దగ్గరే ఉంటే వెంటనే క్లర్క్ ఆఫీసుకు తీసుకెళ్లండి. పోయి ఉంటే డూప్లికేట్ కోసం అఫిడవిట్ ఇవ్వాలి, సంతకానికి మళ్లీ అదే పురోహితుడిని పట్టుకోవాలి. "పాత తేదీ వేసి కొత్తది తెప్పిస్తాం" అనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

రికార్డయ్యాక సర్టిఫైడ్ కాపీలు కౌంటీ దగ్గరే రెండు మూడు తీసుకోండి. ఒక్కో కాపీకి పెద్ద ఖర్చు కాదు. ఇక్కడ పెళ్లై తర్వాత హైదరాబాద్‌లో అందరి ముందు ఘనంగా చేసుకునేవాళ్లు చట్టప్రకారం పెళ్లి తేదీ టెక్సాస్ తేదీయే అని గుర్తుపెట్టుకుని, అన్ని ఫారాల్లో అదే రాయాలి. అక్కడ రెండో తేదీతో ఇంకో రిజిస్ట్రేషన్ చేయించొద్దు. ఇండియాలో ఏ ఆఫీసులోనైనా ఈ సర్టిఫికెట్ చూపించాల్సి వస్తే అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశం కోసం ఇచ్చే ధ్రువీకరణ) కావాలి. అది ఆస్టిన్‌లోని టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇస్తుంది, కాగితానికి 15 డాలర్లు, పోస్టులో పంపినా చేస్తారు. ఏజెంట్లు ఇదే పనికి ఎంత చెబుతున్నారో పోల్చి చూసుకోండి.