ఇంటి మరువం – రెండవ పాఠం: తలలు తుంచడం, కోత, నిల్వ, వాడకం

గత పాఠంలో విత్తనం నుంచి, కొమ్మ నుంచి మరువాన్ని మొలిపించుకోవడం నేర్చుకున్నాం. ధూళిలా ఉండే ఆ విత్తనాలను మట్టిలో పూడ్చకుండా పైపైన చల్లి, తడి ఆరకుండా కాపాడుకున్నవారి కుండీల్లో ఈపాటికి నాలుగైదు జతల ఆకులు వేసిన మొక్కలు ఉండాలి. కొమ్మ నాటినవారికి కొత్త చిగుళ్లు కనిపిస్తూ ఉండాలి. మొక్క ఇంకా ఆ దశకు రాకపోతే ఈ పాఠం ఇప్పుడు చదివి ఉంచుకుని, పని మాత్రం తరువాత మొదలుపెట్టండి.

ముందుగా తలలు తుంచడం గురించి. మొక్క సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తుకు రాగానే కొన చిగురును గోటితో తుంచివేయాలి. లేత మొక్కను అలా గిల్లడానికి చాలామందికి చేయి రాదు, కానీ గుబురైన మొక్కకు ఇదే దారి. మరువం ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి; ప్రతి ఆకు కాడను కలిసే చోట ఒక చిన్న మొగ్గ నిద్రాణంగా ఉంటుంది. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ ఆ మొగ్గలను ఎదగనివ్వదు. కొన పోగానే ఆ అడ్డు తొలగి, ఒక్క కొమ్మ ఉన్నచోట రెండు కొమ్మలు వస్తాయి. అందుకే గోరు సరిగ్గా ఒక ఆకుల జతకు పైన పడాలి. పొడవైన మోడు మిగిలితే అది ఎండిపోతుంది. పక్క కొమ్మలు నాలుగైదు జతల ఆకులు వేశాక వాటి కొనలనూ ఇదే విధంగా తుంచండి.

మరువం సైప్రస్, దక్షిణ టర్కీ ప్రాంతాల పొడి నేలల్లో పుట్టిన మొక్క కాబట్టి దానికి ఎండ కావాలి, వేళ్ల దగ్గర నీరు నిలవకూడదు. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలేచోట ఉంచి, పై మట్టి పొడిబారాకనే నీరు పోయండి. ఎరువు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గాని వాసన పలచబడుతుంది. ఆకు పరిమాణం చూసి మురిసిపోవడంకన్నా ఒక ఆకు నలిపి వాసన చూడటం మేలని నా అభిప్రాయం.

ఇక కోత. ఈ పాఠంలో అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసినది ఇదే. కొమ్మల కొనల్లో గుండ్రటి ఆకుపచ్చని ముడుల వంటివి కనిపిస్తే అవి పూమొగ్గల గుత్తులని గుర్తించండి. వాటిలోంచి చిన్న తెల్లని లేదా లేత గులాబీ రంగు పూలు బయటికి రాకముందే కోయాలి, ఎందుకంటే ఆకులో సుగంధ తైలం నిండుగా ఉండేది ఆ సమయంలోనే. ఆకును భూతద్దం కింద చూస్తే మెరిసే చుక్కలు కనిపిస్తాయి. తైలాన్ని దాచుకున్న గ్రంథులు అవే. ఉదయం మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు, పదునైన కత్తెరతో కొమ్మ పొడవులో పై భాగాన్ని మాత్రమే కోసి, కింద కనీసం రెండు మూడు జతల పచ్చని ఆకులు వదలండి. ఆకులు లేని ముదురు కాడ దాకా కోస్తే అది తిరిగి చిగురించకపోవచ్చు.

కోసిన కొమ్మలను వెంటనే వాడకపోతే పలుచని చిన్న కట్టలుగా కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో గాని, 40 డిగ్రీలు దాటిన వేడిలో గాని ఆరబెడితే తైలం ఆవిరైపోతుంది. ఆకు వేళ్ల మధ్య పొడిపొడిగా విరిగితే ఆరినట్లే. కొమ్మ కొనను పట్టుకుని, రెండో చేతి వేళ్లతో కిందికి దూస్తే ఆకులన్నీ రాలిపడతాయి. వాటిని పొడి చేయకుండా గాజు సీసాలో వేసి, మూత బిగించి చీకట్లో ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో సీసా లోపలి గోడకు చెమ్మ పడితే తీసి మళ్లీ ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది.

వంటలో పచ్చి ఆకు మూడు చెంచాలు వేయవలసినచోట ఎండుటాకు ఒక చెంచా సరిపోతుంది. మరువానికి ప్రత్యేకమైన తియ్యని వాసననిచ్చేది ముఖ్యంగా సిస్-సాబినీన్ హైడ్రేట్ అనే పదార్థం. అది వేడికి, పులుపుకు మార్పు చెంది టెర్పినెన్-4-ఆల్ వంటి ఘాటైన పదార్థాలుగా మారుతుంది. మరువానికి దగ్గరి చుట్టమైన ఒరెగానో (పిజ్జాపై చల్లే ఆకు)లో ఘాటు ఎక్కువగా కార్వక్రాల్ అనే పదార్థానిది కాబట్టి అది ఎక్కువసేపు ఉడికినా నిలబడుతుంది, మరువం నిలబడదు. అందువల్ల సూపులోనైనా, ఉడికించిన బంగాళాదుంపల్లోనైనా, చిక్కుళ్లలోనైనా, గుడ్లలోనైనా పొయ్యి ఆపడానికి కాస్త ముందు వేసి మూత పెట్టండి.

వచ్చే పాఠం లోపల ఈ అభ్యాసం చేయండి. ఒకే సూపును రెండు చిన్న గిన్నెల్లో తీసుకుని, ఒకదానిలో మరువం మొదట్లోనే వేసి ఇరవై నిమిషాలు ఉడికించండి, రెండోదాన్ని అంతేసేపు ఉడికించి చివరి నిమిషంలో అదే కొలత ఆకు వేయండి. ముందు వాసన, తరువాత రుచి చూసి తేడాను మీ మాటల్లో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో మొక్కలను పట్టే నల్లి, పేనుబంక పురుగుల నివారణతోపాటు ఆ పరిశీలన ఆధారంగా మరువం నూనె, వెనిగర్ తయారుచేయడం నేర్చుకుందాం.