నిమ్మగడ్డి దుబ్బు విడదీసే ముందు

బెంగళూరులో జూన్ వానలు పడగానే మేడ మీది నిమ్మగడ్డిని పిలకలుగా విడదీయాలనిపిస్తుంది. మంచి అదనే. కుండీ బోర్లించే ముందు ఇవి చూసుకోండి.

– పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి. మెత్తగా కనబడే ఆ ఆకు అంచు బ్లేడులా కోస్తుంది.

– ముందురోజు నీళ్లు పెట్టండి.

– ఆకుల్ని జానెడు ఉంచి పైన కత్తిరించండి. లేకపోతే తెగిన వేరు తాగే నీటికన్నా ఆకులోంచి ఆవిరయ్యేదే ఎక్కువై పిలక వాడిపోతుంది. ప్రతి పిలకకూ కాస్త వేరు ఉండాలి.

– మొదలు ఎర్రగా ఉందా? అది నిమ్మగడ్డిలాగే కనబడే మరో గడ్డి, సిట్రొనెల్లా కావచ్చు. టీలో వేయకండి. ఎవరో ఇచ్చిన పిలకైతే మరీ జాగ్రత్త.

– తుప్పు రంగు మచ్చలున్న ఆకులు తీసేయండి.

– కుండీ అడుగు లోతు, అడుగు వెడల్పు ఉండాలి, కింద రంధ్రాలతో. ఉత్త ఎర్రమట్టి వానకు బిగుసుకుపోయి నీరు నిలుస్తుంది, వేరు కుళ్లుతుంది; కంపోస్టు, కొబ్బరిపొట్టు కలపండి.

– రోజుకు 6 గంటల ఎండ తగిలే చోటు వెతకండి. పిట్టగోడ మీద మాత్రం వద్దు: 4 అడుగులు పెరిగిన దుబ్బు గాలికి కుండీతో సహా వీధిలో పడుతుంది.